ఇనబడలేదా సార్: ఒక మెకానిక్ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "ప్యాడ్లు అయిపోయినయ్ సార్. డిస్కును తింటున్నది. ఇన్ని రోజులు చప్పుడు ఇనబడలేదా?"

అవతారిక: కథానాయకుడు ఈ వ్యాఖ్యాతయే. కారు జాకీ మీద నున్నది. ముందు కుడిచక్రము ఊడదీసిరి. మెకానిక్ మసిచేతితో డిస్కును తడిమి, నాయకుని ముఖము వంక చూచి పలికినది ఈ వాక్యము.

ప్రతిపదార్థము: ప్యాడ్లు = పెడల్ తొక్కినపుడు చక్రముతో తిరుగు డిస్కును ఇరుపక్కల నుండి అదిమిపట్టు జంట బిళ్లలు; అయిపోయినయ్ = బొత్తిగా అరిగినవి; సార్ = ఓ కారు యజమానీ! (ఇది గౌరవార్థకమని కొందరు, రాబోవు బిల్లునకు సూచన యని అనుభవజ్ఞులు); డిస్కును = ఆ ఇనుప పళ్లెమును; తింటున్నది = కొరుకుచున్నది. ఇక్కడ కర్తను అధ్యాహారము చేసికొనవలెను. రాపిడి పదార్థము అరిగిపోగా మిగిలిన ఇనుప పలకయే ఆ తినునది. ఇన్ని రోజులు = నాయకుని లెక్కన నాలుగు రోజులు, మెకానిక్ లెక్కన రెండు నెలలు.

చప్పుడు = ఇది ద్వివిధము. మొదటిది కీచు. చాలా ప్యాడ్లకు చిన్న రేకుముక్క నొకదానిని కావలెననియే అమర్చుదురు. ప్యాడ్ పలుచనైనపుడు అది డిస్కుకు తగిలి అరచును. అప్పుడే షెడ్డుకు పోయినచో ప్యాడ్ల ఖర్చుతో తీరును. రెండవది గరగర. ఇందు డిస్కులు కూడ పోవును. వానలో నిలిపిన బండి మరునాడు రెండుమూడు తొక్కుళ్ల వరకు చేయు గరగర మాత్రము తుప్పుపొరది, లెక్కలోనికి రాదు.

ఇనబడలేదా = 'వినబడలేదా' అని కోస్తా పాఠము. అర్థభేదము లేదు. రూపము ప్రశ్న, భావము చీవాట్లు. నాయకునికి వినబడినది. వినబడగానే పాటల సౌండు పెంచెను.

శంక: చెవి మూసికొన్నవానికి తెలియు దారి వేరొకటి లేదా?

సమాధానము: కాలు కలదు, ముక్కు కలదు. పెడల్ దూదిమూటవలె మెత్తగా దిగినచో గొట్టములలో గాలి చేరినది, లేదా ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుచున్నది. రాయివలె బిగిసినచో, తొక్కుడుకు బలము కూర్చు బూస్టరును అనుమానింపవలెను. తొక్కినప్పుడెల్ల కాలిక్రింద అదిరినచో డిస్కు మందము సమముగా లేదు. హఠాత్తుగా గట్టిగా తొక్కినపుడు, చక్రములు బిగిసిపోకుండ కాచు ఏబీఎస్ అదిరించుట వేరు. అపుడు బెదరి కాలు తీయరాదు. బ్రేకు వేయగా బండి ఒక పక్కకు లాగుచు, ఒక చక్రము వద్ద మాడువాసన వచ్చినచో, అచటి కాలిపర్ (ప్యాడ్లను అదుము బిగింపు) పట్టేసినదని గ్రహింపవలెను.

విశేషము: నాయకుడు మరియొక ఘనకార్యము చేసి యుండెను. బానెట్ క్రింది డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గినదని చూచి, తానే కొని నింపి, ఇంటిలో గొప్పగా చెప్పుకొనెను. ప్యాడ్లు అరిగినకొలది కాలిపర్ పిస్టన్లు ముందుకు జరుగును. ఆ ఖాళీలోనికి ఆయిల్ పోవును, డబ్బాలో మట్టము దిగును. అనగా డబ్బా కూడ మూలవాక్యమునే చెప్పుచుండగా నాయకుడు దాని నోరు నొక్కెను. కొత్త ప్యాడ్లు వేయుటకు పిస్టన్లను వెనుకకు నెట్టినపుడు ఎక్కువైన ఆయిల్ పొంగును. కారు రంగు మీద పడెనా, రంగును తినును.

ఆయిల్ అన్నమాటే గాని అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చు ద్రవము. డాట్-4 రకము కొత్తదైనచో కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదు, తేమ చేరినచో ఆ హద్దు 155. తిరుమల నుండి దిగు మొదటి ఘాట్ రోడ్డులో బ్రేకు మీదనుండి కాలు తీయనివాని సంగతి ఇక్కడ తలచుకొనవలెను. వేడికి పాత ద్రవము మరిగి ఆవిరిబుడగలు పుట్టును, పెడల్ నేలకంటును. గేరు తగ్గించి దిగువానికి ఇంజనే బండిని పట్టును. ఆయిల్‌ను రెండేండ్లకొకసారి మార్చుట పలు కంపెనీల విధి. నాయకుడు ఐదేండ్లుగా నింపెనే గాని మార్పించలేదు.

తాత్పర్యము: ఓ కారు యజమానీ! ముందు రెండు చక్రములకును ప్యాడ్లు, డిస్కులు జతలుగా మార్చవలెను. పాత ఆయిల్ తీసి కొత్తది పోసి, గాలి తీయవలెను. బండి సాయంత్రము ఆరింటికి ఇత్తురు. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకొనువరకు, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు, అవసరమైననే తప్ప బ్రేకు గట్టిగా తొక్కరాదు.