బల్లకు ఇంత, బిరుదుకు అంత

డబ్లిన్ నగరం తాను ఘనులనుకున్న వాళ్లకు ఒక బిరుదిస్తుంది. పేరు ‘ఫ్రీడమ్ ఆఫ్ ది సిటీ’. 1876లో రాజకీయ నాయకుడు ఐజాక్ బట్‌తో మొదలైంది. అది పుచ్చుకున్నవారికి కొన్ని పాతకాలపు హక్కులు సంక్రమిస్తాయి. సుంకం కట్టకుండా సరుకు ఊళ్లోకి తెచ్చుకోవచ్చు, ఊరుమ్మడి బీడులో గొర్రెలు మేపుకోవచ్చు. హక్కుల వెంట ఒక బాధ్యత కూడా ఉంది: శత్రువు దండెత్తితే విల్లు, కవచం, శిరస్త్రాణం, కత్తి సమకూర్చుకుని నగరాన్ని కాపాడాలి. 2000లో యూ2 సంగీత బృందానికి ఈ గౌరవం దక్కినప్పుడు బోనో, ఎడ్జ్ ఇద్దరూ గొర్రెపిల్లల్ని తీసుకుని సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పార్కుకు వెళ్లారు. ఫొటోలు బాగా వచ్చాయి. కళాకారులకిచ్చే పన్ను మినహాయింపుకు ఐర్లండ్ ప్రభుత్వం పరిమితి పెట్టేసరికి, 2006లో, ఆ బృందం వ్యాపారంలో ఒక భాగం నెదర్లాండ్స్‌కు తరలిపోయింది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కాకపోతే గొర్రెల హక్కు గుర్తున్నంతగా కవచం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బిరుదు ఇవ్వడం ఎంత తేలికో, ఇచ్చాక మోయడం అంత కష్టమని కూడా డబ్లిన్‌కు తెలుసు. మయన్మార్ నేత ఆంగ్ సాన్ సూకీకి ఇచ్చిన గౌరవాన్ని రోహింగ్యాల ఊచకోత తర్వాత 2017 డిసెంబరులో కౌన్సిల్ వెనక్కి తీసుకుంది. అంతకు నెల ముందే, అదే గౌరవం పొందిన గాయకుడు బాబ్ గెల్డాఫ్, ఆమె పేరున్న జాబితాలో తన పేరు ఉండకూడదంటూ తన పత్రాన్ని తెచ్చి తిరిగిచ్చేశాడు. కౌన్సిలర్లు ఆయన పేరునూ కొట్టేస్తూ తీర్మానించారు. వదిలేసి వెళ్లిపోయినవాణ్ణి వెలివేస్తున్నామని ఓటేసి మరీ చెప్పారన్నమాట.

ఇవి నవ్వుకోవడానికి పనికొచ్చే సంగతులు. నవ్వు రాని సంగతి 2014లో ఉంది.

ఆ ఏడాది ఈ గౌరవం అందుకున్న ఇద్దరిలో ఒకరు రగ్బీ కెప్టెన్ బ్రయన్ ఓ’డ్రిస్కాల్. రెండోవారు ఫాదర్ పీటర్ మెక్‌వెర్రీ, ఇల్లు లేని కుర్రాళ్ల కోసం 1983లో సంస్థ పెట్టిన జెస్యూట్ పూజారి. ప్రభుత్వాల గృహ విధానాన్ని మొహమాటం లేకుండా దుమ్మెత్తిపోసే మనిషి. ఆయన్ను పిలిచి, నగరం తరఫున సన్మానించి, చప్పట్లు కొట్టారు. అత్యవసర వసతిలో తలదాచుకుంటున్న వాళ్ల సంఖ్యను ప్రభుత్వం ఇప్పటి పద్ధతిలో నెలనెలా ప్రకటించడం మొదలైందీ ఆ ఏడాదే. అప్పుడది దేశం మొత్తమ్మీద మూడు వేల పైచిలుకు. 2019లో 10 వేలు దాటింది. 2025లో 15 వేలు దాటింది, అందులో నాలుగు వేలకు పైగా చిన్నపిల్లలు. రోడ్డు మీద పడుకునేవాళ్లు, స్నేహితుల సోఫాల మీద రోజులు గడిపేవాళ్లు ఈ లెక్కలో లేరు. మరోపక్క 2022 జనాభా లెక్కల్లో తాళం వేసి ఉన్న ఇళ్లు 1,66,752 అని తేలింది. ఇది సెలవుల్లో వచ్చి ఉండే విడిది ఇళ్లను మినహాయించిన సంఖ్య. డబ్లిన్‌కు ఎం.ఎస్. చదవడానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన పిల్లల్ని అడిగితే, గది సంగతి తర్వాత, గదిలో ఒక మంచం దొరకడానికి ఏం పాట్లు పడ్డారో చెబుతారు.

విమర్శకుణ్ణి సన్మానించడంలో ఉన్న సుఖమిదే. ఆయన అడిగినవి ఇళ్లు, ఇచ్చింది పత్రం. అడిగింది ఇవ్వలేదని ఇక ఎవరూ అనలేరు, ఏదో ఒకటి ఇచ్చారు కదా! ఆయన సంస్థ తర్వాతి కథ ఇంకా పాఠం చెబుతుంది. ప్రభుత్వం చేయాల్సిన పనంతా నెత్తినేసుకుని మెక్‌వెర్రీ ట్రస్టు ఏటికేడాది పెరిగిపోయింది, దేశంలో ఈ రంగంలోని అతి పెద్ద సంస్థల్లో ఒకటైంది. 2023కల్లా చేతిలో డబ్బాడక నిలబడిపోతే ప్రభుత్వమే కోటిన్నర యూరోలిచ్చి ఆదుకోవాల్సి వచ్చింది. నియంత్రణ సంస్థలు రెండు విచారణ చేసి పాలనలో, లెక్కల్లో లోపాలున్నాయని తేల్చాయి. పని అప్పగించేటప్పుడు పద్దులు చూడని సర్కారు, బిరుదు ఇచ్చేటప్పుడు మాత్రం నగర మేయరు పక్కన నిలబడి ఫొటో దిగడానికి వెనకాడదు.

ఇక నిధుల సేకరణ కోసం పెట్టే గాలా డిన్నర్ల సంగతి. నగరం బాగు కోసం, పట్టణ విధానం కోసం, పేదల గూడు కోసం, పేరు ఏదైనా వంట ఒకటే. మంచి హోటల్లో హాలు, పదేసి మంది కూర్చునే గుండ్రటి బల్లలు, మగవాళ్లకు నల్ల బో టై. బల్లలకు బంగారం, ప్లాటినం అని అంతస్తులు. వేదికకు దగ్గరయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. దాతృత్వాన్ని అడుగుల్లో కొలిచే చోటు ఇదొక్కటే. మధ్యలో వేలం: ఎవరో ఆటగాడు సంతకం చేసిన జెర్సీ, ఎవరిదో పోర్చుగల్ విల్లాలో వారం రోజులు. ఆ తర్వాత పుడ్డింగు, ఆ తర్వాత సన్మానం. పొడవైన ఉపన్యాసం, చిన్న గాజు జ్ఞాపిక.

సన్మానితుణ్ణి ఎంచే పద్ధతి చూడాలి. నగరానికి ఎవరు ఎక్కువ మేలు చేశారన్నది చివరి ప్రశ్న. ఎవరిని పిలిస్తే ఎన్ని బల్లలు అమ్ముడవుతాయన్నది మొదటి ప్రశ్న. మంత్రిని సన్మానిస్తే కాంట్రాక్టర్లు బల్లలు కొంటారు. బ్యాంకరును సన్మానిస్తే ఆయనకు అప్పున్నవాళ్లంతా కొంటారు. నలభై ఏళ్లుగా ఒకే వార్డులో మురుగు కాలువ గురించి అర్జీలు పెడుతున్న పెద్దావిడను సన్మానిస్తే ఎవరు కొంటారు? ఆవిడ మనవడు ఒక టికెట్ కొంటాడేమో, అదీ తగ్గింపు ధరకు. మన సన్మాన సభల్లో శాలువా ఖర్చు చాలాసార్లు కప్పించుకున్నవాడిదే అవుతుంది. ఐరిష్ గాలా ఆ పద్ధతికి కొంచెం నాగరికత అద్దింది, ఖర్చు కప్పించుకున్నవాడి దగ్గర పని ఉన్నవాళ్లది.

ఈ వంటకు ఐర్లండ్‌లో తిరుగులేని నమూనా గాల్వే డేరా. జులై చివర్లో బాలిబ్రిట్ మైదానంలో గుర్రప్పందేలు జరిగే వారంలో ఫియనా ఫాల్ పార్టీ అక్కడొక డేరా వేసేది. పదిమంది బల్లకు నాలుగు వేల యూరోల దాకా పలికేది. ధర్మసంస్థ అనే ముసుగు కూడా లేదు, అది పార్టీ నిధుల విందే. ఆ మాటకొస్తే నిజాయతీలో గాలాల కన్నా ఒక మెట్టు పైనే. మంత్రులు ఒకవైపు, బిల్డర్లు ఒకవైపు, మధ్యలో షాంపేన్. ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్నంత కాలం ఆ డేరా దేశం గర్వించే దృశ్యం. 2008లో బ్రయన్ కవన్ ప్రధాని కాగానే దాన్ని పీకించేశాడు. అప్పటికే బుడగ పగులుతోంది. 2010లో ప్రభుత్వం సర్వే చేయిస్తే దేశంలో సగంలో ఆగిపోయిన గృహ సముదాయాలు 2,846 లెక్కకొచ్చాయి. దీపం లేని వీధులు, తలుపుల్లేని ఇళ్లు. జనం వాటికి దెయ్యాల కాలనీలని పేరు పెట్టారు.

ఆ బిల్డర్లకు అడిగినంత అప్పిచ్చిన ఆంగ్లో ఐరిష్ బ్యాంకుకూ ఒక కిరీటం ఉంది. 2007లో దావోస్ పెద్దల సమావేశం వేళ ఆలివర్ వైమన్ అనే సలహా సంస్థ, ప్రపంచంలోకెల్లా బాగా పనిచేసిన బ్యాంకు ఇదేనని వరుసలో మొదట నిలబెట్టింది. 2009 జనవరిలో ఆ బ్యాంకును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. దాని గుంట పూడ్చడానికి ఐరిష్ పన్ను కట్టేవాళ్లు మోసినది సుమారు 3 వేల కోట్ల యూరోలు.

డబ్లిన్‌లో విందుకూ భూమికీ ఉన్న చుట్టరికం మీద ఒక ట్రిబ్యునలే నడిచింది. 1997లో మొదలై 2012 మార్చి 22న తుది నివేదిక ఇచ్చింది. మూడు వేలకు పైగా పేజీలు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చడానికి కౌన్సిలర్లకు కవర్లు ఎలా అందాయో, అవినీతి రాజకీయ జీవితంలో పై నుంచి కింది దాకా ఎలా పాకిందో అందులో ఉంది. లంచాలిచ్చానని ఒప్పుకున్న లాబీయిస్టు ఫ్రాంక్ డన్‌లప్ 2009లో జైలుకెళ్లాడు. నగరానికి ఉప మేనేజరుగా పనిచేసి రిటైరైన జార్జ్ రెడ్‌మండ్‌ను 1999లో డబ్లిన్ విమానాశ్రయంలో ఆపితే ఆయన దగ్గర నగదు, డ్రాఫ్టులు కలిపి దాదాపు 3 లక్షల పౌండ్లు దొరికాయి. ఆయనకు పడిన అవినీతి శిక్షను తర్వాత పైకోర్టు కొట్టేసింది, అదీ చెప్పాలి.

అయితే ఆ ట్రిబ్యునల్ కాలం మొత్తంలో గాలా సంస్కృతికి అద్దం పట్టిన మాట ప్రధాని బెర్టీ అహెర్న్ నోటి నుంచి వచ్చింది. 1994లో ఆర్థికమంత్రిగా ఉండగా తనకు ముట్టిన డబ్బు గురించి 2006లో టీవీలో సంజాయిషీ చెబుతూ, మాంచెస్టర్‌లో వ్యాపారుల విందుకు వెళ్లి మాట్లాడితే వాళ్లు పోగుచేసి 8 వేల పౌండ్లిచ్చారని అన్నాడు. మంత్రి హోదాలో కాదు, సొంత హోదాలో వెళ్లానని వివరణ. ఆయన డబ్బు ఎక్కడిదో చెప్పిన కథను ట్రిబ్యునల్ నమ్మలేదు; అవినీతిపరుడని మాత్రం తేల్చలేదు. నిజమో అబద్ధమో పక్కన పెడదాం. అన్ని సాకుల్లోకీ ఇది జనం నమ్మే సాకని ఒక ప్రధానికి తోచింది చూడండి! విందులో మంత్రికి డబ్బు చేతిలో పెట్టడం అంత మామూలు సంగతన్నమాట.

ఇక ధర్మసంస్థలు. ‘పీపుల్ ఆఫ్ ది ఇయర్’ అవార్డులని టీవీలో దేశమంతా చూసే సన్మానం ఒకటుండేది. నిర్వహించేది వికలాంగుల కోసం పనిచేసే రీహాబ్ సంస్థ. అదే రీహాబ్ 2010లో 40 లక్షల యూరోల గీకుడు లాటరీ కార్డులమ్మింది. అందులో మిగిలిన లాభం 9,452 యూరోలు. ఈ సంగతి 2014లో న్యాయమంత్రి పార్లమెంటులో చదివి వినిపించాడు. అప్పటికి సంస్థ అధినేత్రి జీతం ఏడాదికి 2 లక్షల 40 వేల యూరోలు. ఆమెను పార్లమెంటు కమిటీ ఏడు గంటలపాటు ప్రశ్నించింది, తర్వాత ఆమె రాజీనామా చేసింది. కమిటీ తన పరిధి దాటిందని 2019లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది, న్యాయమే. లాటరీ అంకె మాత్రం అలాగే ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకు ఇంత కచ్చితమైన లెక్క దొరకడం అరుదు.

మరి నగరాన్ని నిజంగా కాపాడినవాళ్లకు ఏ విందు దక్కింది? 1970లలో లిఫీ నది ఒడ్డున వుడ్ కీ దగ్గర తవ్వితే వైకింగుల నాటి పట్టణం బయటపడింది. కార్పొరేషన్ అక్కడ తన ఆఫీసులు కట్టుకుంటానంది. చరిత్రకారుడు ఫాదర్ ఎఫ్.ఎక్స్. మార్టిన్ కోర్టుకెక్కాడు. 1978 సెప్టెంబరులో సుమారు 20 వేల మంది వీధుల్లో నడిచారు. మరుసటేడు కవులూ పండితులూ కౌన్సిలర్లూ ఆ గుంటలోనే బైఠాయించారు. ఆఫీసులు లేచాయి. నేటికీ నగర కౌన్సిల్ కార్యాలయం అక్కడే. దానికి కాస్త ముందు, జార్జియన్ కాలపు ఇళ్లను కూల్చొద్దని అడ్డుపడినవాళ్లను మంత్రి కెవిన్ బోలండ్ 1970లో పార్లమెంటులోనే పని లేని జమీందార్లని వెక్కిరించాడు. ఆ ఇళ్ల తలుపుల ఫొటోలే ఇప్పుడు డబ్లిన్ పర్యాటక పోస్టర్ల మీద ఉంటాయి. కూల్చివేతలు అప్పటికే మొదలయ్యాయి, 1960లలోనే ఫిట్జ్‌విలియం వీధిలో విద్యుత్ బోర్డు 16 ఇళ్లను నేలమట్టం చేసేసింది.

ఇచ్చేవాళ్లంతా ఫొటో కోసమే ఇస్తారనడం కూడా తప్పు. చక్ ఫీనీ సంగతి ఐర్లండ్‌లో ఎవరినడిగినా చెబుతారు. విమానాశ్రయాల్లో డ్యూటీఫ్రీ దుకాణాలు పెట్టి కోట్లు గడించిన ఐరిష్ అమెరికన్. 1984లో తన వాటానంతా ఒక ఫౌండేషనుకు రాసిచ్చేసి, లిమరిక్ విశ్వవిద్యాలయం మొదలు ట్రినిటీ కాలేజీ దాకా ఐర్లండ్ చదువులకు సుమారు వంద కోట్ల డాలర్లు ధారపోశాడు. షరతు ఒకటే: ఎక్కడా పేరు ఉండకూడదు, ఎవరిచ్చారో చెప్పకూడదు. 1997లో వ్యాపారం అమ్మకంతో గుట్టు బయటపడేదాకా ఆ డబ్బు ఎవరిదో తెలియనే లేదు. చేతికి చవక వాచీ, విమానంలో ఎకానమీ సీటు. 2012లో ఐర్లండ్ ద్వీపంలోని విశ్వవిద్యాలయాలన్నీ కలిసి డాక్టరేటు ఇస్తామని పట్టుబడితే వచ్చి పుచ్చుకున్నాడు. 2023లో పోయాడు. ఆయన కట్టించిన భవనాల గోడల మీద ఇప్పటికీ ఆయన పేరు వెతుక్కోవాలి. గాలా నిర్వాహకులు ఆయన్ను పొగుడుతారు గానీ ఆయన పద్ధతి జోలికి పోరు. పోతే బల్లలు ఎలా అమ్ముతారు?

విందులు మానమంటే ఎవరూ మానరు, మానాల్సిన పని కూడా లేదు. చేయాల్సింది ఒకటుంది. 2015 నుంచి ఐర్లండ్‌లో లాబీయింగ్ రిజిస్టరు చట్టముంది. భూమి వినియోగం మార్చమనో, కట్టడానికి అనుమతి కావాలనో మంత్రితో, కౌన్సిలరుతో మాట్లాడితే ఆ సంగతి అందరూ చూడగలిగే రిజిస్టరులో రాయాలి. కంపెనీయే కానక్కర్లేదు, తాను ఉండే ఇంటి సంగతి కాకపోతే ఒక్క మనిషైనా సరే. పౌర నాయకులను సన్మానించే ప్రతి సంస్థా తన విందు బల్లల పట్టికను, ఏ బల్ల ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, పక్కన ఏ అధికారిని కూర్చోబెట్టారు, ఖర్చులు పోగా అసలు పనికి మిగిలిందెంత అన్న నాలుగు వివరాలతో అలాగే బయట పెట్టాలి. రిజిస్టరుకు వివరాలు దాఖలు చేసే గడువులు ఏడాదికి మూడు: జనవరి 21, మే 21, సెప్టెంబరు 21. సన్మాన సంఘాల వాళ్లు వాటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు.