యాభై గంటల జ్ఞానోదయము

ప్రతి ఉపాధ్యాయుడును ఏటికి కనీసము 50 గంటలు వృత్తివికాసమునకై వెచ్చింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆశింపగా, మన అధికారగణము అందలి వికాసమును విడిచి గంటలను మాత్రము భక్తితో గ్రహించినది.

ఆ గంటల లెక్కకై గుంటూరు సీమలో నడపు విజ్ఞానశాస్త్ర శిక్షణా శిబిరము నొకదానిని ఊహింపుడు: తెరపై అంగారకగ్రహమున సంచరించు యంత్రశకటము, వేదికపై పుష్పగుచ్ఛములు, కుర్చీలలో నిద్రాసమాధి నున్న గురువర్యులు, "పిల్లలకు ప్రశ్నించుట నేర్పుడు" అను మహోపన్యాసము ముగియగనే, కాలాభావముచే ప్రశ్నలకు అవకాశము లేదను ప్రకటన!

కిటికీ వెలుపలనో, 2021లో మిరపతోటలను దగ్ధప్రాయము గావించిన నల్ల తామరపురుగు నీలి జిగురు అట్టపై అంటుకొని, తన్ను లెక్కించు విద్యార్థికై నిరీక్షించుచున్నది. వరుసగా మూడు రాత్రులు లింగాకర్షక బుట్టకు 8 చొప్పున గులాబిరంగు పురుగు యొక్క మగ రెక్కలపురుగులు పడినచో పత్తికి ముప్పని తెలుపు గణితము చేనిగట్టుననే వ్రేలాడుచున్నది. కల్లములోని మిరపకాయ ఎండలో కోల్పోవు తేమను కనుగొనుటకు త్రాసు చాలును. లాం వ్యవసాయ పరిశోధనా క్షేత్రము చేరువనే యున్నను, అంగారకునకు సిద్ధమైన అంచనాపత్రములో లాం వరకు బస్సు చార్జీ లేదు.

ఆ యాభైలో ఐదు గంటలు చేనిలో గడపుదుమా యని ఒక పంతులుగారు అడిగిరట. అది శిక్షణ క్రింద జమయగునో, సెలవు క్రింద జమయగునో పైకార్యాలయమునకు వ్రాసి కనుగొనవలెనట!