గోటితో పోయే పనికి గొడ్డలి పట్టే విధానం

ఉగాది దగ్గర పడిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో మన తెలుగువాళ్లకి రెండు పనులు తప్పవు. ఒకటి వేపపువ్వు కోసుకురావడం, రెండోది సంఘం తరఫున ఆహ్వానపత్రం వేయించడం. వేపపువ్వుతో ఇబ్బంది లేదు, చెట్టెక్కే కుర్రాడు దొరికితే చాలు. ఆహ్వానపత్రంతోనే వస్తుంది చిక్కు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో తాతలు పనికోసం ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయారు. మనవలు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు గాని, చాలామందికి చదువంతా హిందీలోనే. అందుకని ఉగాది విశేషాలు ఏదో ఒక వెబ్‌సైట్లో పట్టుకుని, కాపీ చేసి, వర్డ్‌లో పేస్టు చేస్తారు.

కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ దిగిన చుట్టం ఒక్కడే రాడు కదా, ఆవకాయ జాడీ, అరిసెల డబ్బా, బియ్యం మూట వెంటబెట్టుకునే వస్తాడు. వెబ్‌పేజీలోంచి వచ్చిన పాఠమూ అంతే. తన ఫాంటు, తన రంగులు, నీలం గీతల లింకులు, గళ్ల పట్టీలు అన్నీ మోసుకొస్తుంది. వీటిని చిటికెలో వదిలించుకోవచ్చని ఈమధ్య కొందరు కుర్రాళ్లు చెప్పుకు తిరుగుతున్నారు. వాళ్ల మాట వినకండి. పెద్దమనుషులు పరువుగా చేసుకునే పద్ధతి వేరే ఉంది.

1. కంట్రోల్-వి తప్ప మరో మీట నొక్కకండి. మీరు కాపీ చేసినప్పుడు కంప్యూటరు ఒకే పాఠాన్ని రెండు మూడు రూపాల్లో దాచుకుంటుంది. అలంకారాలతో సహా ఒకటి, ఒట్టి అక్షరాలుగా ఒకటి. కొత్త వర్డ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ కంట్రోల్-షిఫ్ట్-వి నొక్కితే ఒట్టి అక్షరాలే వచ్చి కూర్చుంటాయి. పాత వర్డ్ అయితే రైట్ క్లిక్ చేసి, ‘ఎ’ అక్షరం ఉన్న బొమ్మ నొక్కాలి. లిబ్రె ఆఫీస్‌లో కంట్రోల్-ఆల్ట్-షిఫ్ట్-వి. ఏదీ లేకపోతే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి, అక్కడినుంచి మళ్లీ కాపీ చేసినా అంతే. ఇవన్నీ క్షణంలో అయిపోతాయి. క్షణంలో అయ్యేదాన్ని పని అని ఎవరంటారు? కార్యదర్శి మీకు టీ కూడా తెప్పించడు.

2. మరకను తుడవకండి, గోడకంతా అదే రంగు వేయండి. అక్షరాల వెనక బూడిదరంగు వచ్చిందా? పేజీ మొత్తానికి బూడిదరంగు పులమండి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలున్న పేజీ నుంచి కాపీ చేస్తే, ఒక్కోసారి వర్డ్‌లో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలే పడి, ఏమీ కనబడదు. పడలేదనుకుని మళ్లీ పేస్టు చేయండి, ఆపైన ఇంకోసారి. అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్-స్పేస్ కొడితే అక్షరాలకు పట్టిన రంగూ రూపూ వదిలిపోతాయి, కంట్రోల్-క్యూ కొడితే పేరాకు పట్టినవి పోతాయి, కంట్రోల్-షిఫ్ట్-ఎఫ్9 కొడితే లింకులన్నీ ఊడిపోతాయి. కానీ ‘ఉగాది పచ్చడి’ కింద నీలం గీత ఉంటే అందంగానే ఉంటుంది. అచ్చయిన కార్డు మీద దాన్ని వేలితో నొక్కి చూసే పెద్దాయన ఒకరు సంఘంలో ఎలాగూ ఉంటారు.

3. కనబడని గుర్తుల్ని కనబడనీయకండి. హోమ్ ట్యాబులో తిరగేసిన ‘పి’లాంటి బొమ్మ ఒకటుంటుంది. అది నొక్కితే ప్రతి వరస చివరా ఏముందో బయటపడుతుంది: పేరా ముగిసిందా, లేక షిఫ్ట్-ఎంటర్‌తో వరస విరిచారా అని. వెబ్ పాఠంలో ఈ విరుపులు జాస్తి. అలాంటి పాఠానికి రెండు వైపులా సమానంగా సర్దే జస్టిఫై పెట్టి చూడండి. ‘సాయంత్రం ఆరు గంటలకు’ అన్న మూడు మాటల్లో మొదటిది ఎడమ అంచుని, చివరిది కుడి అంచుని పట్టుకుంటాయి, ‘ఆరు’ నడిమధ్య ఒంటరిగా నిలబడుతుంది. ‘ఆరు’కి ముందూ వెనకా ఖాళీలు చెరపండి. చెరిపితే మాటలు అతుక్కుంటాయి, అప్పుడు మళ్లీ స్పేస్ కొట్టండి, మళ్లీ విడిపోతాయి. రాత్రి భోజనాల వేళదాకా ఇది సాగుతుంది. రీప్లేస్ పెట్టెలో ‘స్పెషల్’ జాబితాలోంచి మాన్యువల్ లైన్ బ్రేక్‌ని ఎంచుకుని, దాని బదులు ఒక స్పేస్ పెట్టమంటే డాక్యుమెంటంతా ఒకేసారి సర్దుకుంటుంది. ఆ సంగతి పైకి చెప్పకండి.

4. ఫాంటు మారకపోతే తెలుగు మొండిదని తీర్మానించండి. మన కార్డులో మూడు లిపులుంటాయి: తెలుగు, పిల్లల కోసం హిందీ, ఫోన్ నంబర్ల దగ్గర ఇంగ్లీషు. వర్డ్ ఇంగ్లీషుకి ఒక ఫాంటు, మన భారతీయ లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఫాంట్ డైలాగులో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అన్న గడి అందుకే ఉంది. అందులో గౌతమో, మండలో, నిర్మలో పెడితే తెలుగు దారికొస్తుంది. మీరు మాత్రం పై గడిలో టైమ్స్ న్యూ రోమన్ మార్చి మార్చి చూసి, కంప్యూటరుని ఫార్మాట్ చేయించాలని కమిటీలో ప్రతిపాదించండి.

5. ఒక్కచోట నిజమైనదాన్ని అన్నిచోట్లా నిజం చేయండి. ఇది హైకోర్టు ఉన్న ఊరు, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. హిందీ టైపింగుకి కొదవలేదు, కృతి దేవ్ ఫాంటుతో కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఫాంటు నిజానికి ఇంగ్లీషు అక్షరాలకే హిందీ వేషం వేస్తుంది. వేషం తీసేస్తే ‘భారత్’ కాస్తా హెచ్, కె, కె, జె, ఆర్ అని బయటపడుతుంది. మన పాత అను ఫాంట్లదీ అదే కథ. అలాంటి పాఠాన్ని ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, తర్వాతే శుభ్రం చేయాలి. అయితే ఇప్పటి వెబ్‌సైట్లలో వచ్చేది దాదాపు అంతా యూనికోడే. తెలుగుకి 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే అందులో చోటు దొరికింది. దాని ఫార్మాటింగ్ ఎంత తీసినా అక్షరం చెక్కు చెదరదు. ఈ తేడా మీకు తెలిసినా ‘ఫార్మాటింగ్ తీస్తే అక్షరాలు పోతాయి, మా కళ్లారా చూశాం’ అని అందరికీ చెప్పండి. సగం నిజానికి ఉన్న బలం పూర్తి అబద్ధానికి ఉండదు.

6. ఏదీ కుదరకపోతే బుధవారీ బజారుకి నడవండి. కట్, కాపీ, పేస్టులకు రూపమిచ్చింది 1970ల్లో అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో. లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి ‘జిప్సీ’ అనే ఎడిటర్ కోసం ఆ పద్ధతి తయారుచేశారు. కాబట్టి పేస్టులో వచ్చిన కష్టానికి జిరాక్స్ షాపే మందు. వెబ్‌పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి, ప్రింటు తీయించండి, దాన్ని జిరాక్స్ కొట్టించండి, ఆ కాగితం చూసి తెలుగు రాని కుర్రాడి చేత మొదటినుంచీ టైపు చేయించండి. టెస్లర్ 2020లో పోయారు గనక అభ్యంతరం చెప్పేవారు లేరు.

7. సెట్టింగుల జోలికి ఎవరినీ పోనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ‘కట్, కాపీ, పేస్ట్’ అన్నచోట ఇతర ప్రోగ్రాముల నుంచి చేసే పేస్టుకి ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ అని ఒక్కసారి పెడితే, ఆ కంప్యూటర్లో ఈ బాధ ఇక ఉండదు. బొమ్మలూ బోల్డు అక్షరాలూ కావలసినప్పుడు మాత్రం వేరేగా అడగాలి, అంతే. ఇది గనక సంఘం ఆఫీసు కంప్యూటర్లో ఎవడైనా పెట్టేశాడంటే, వచ్చే ఉగాదికి మీకు కబురు రాదు. కబురు రాని మనిషిని వేదిక మీదికీ పిలవరు. అందుకని ఏ కుర్రాడైనా ఆ పేజీ తెరవబోతే ‘వైరస్ వస్తుంది’ అనండి. వాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. కార్డులు పండగ మర్నాడు అచ్చయి వచ్చినా ఫరవాలేదు, కాలనీలో అందరికంటే ఎక్కువ కష్టపడింది మీరేనని కార్యదర్శి మైకులో చెబుతాడు.