ఒక్క పాయింటు గాలి

తిరుపతిలో ఒక మనిషి పడవ కొన్నాడంటే చుట్టాలు ధర అడగరు. "ఏం సామీ, ఆరోగ్యం బాగుండాది గదా?" అంటారు. వాళ్ళను తప్పు పట్టలేం. మా స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుకకే పేరు. కల్యాణి డ్యాము నీళ్ళు తాగడానికి. అందులో తెడ్డు వేస్తానంటే ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని వెంటపడుతుంది. 2025 మార్చిలో కొండమీద పాపవినాశనం డ్యాములో అటవీశాఖవాళ్ళు పడవలు దించితేనే పెద్ద రచ్చయింది, ఇక మనమెంత? పుష్కరిణుల సంగతి సరేసరి. వాటిలో తెప్ప ఎక్కే అర్హత ఉత్సవమూర్తులకే.

అయినా నేను కొన్నది గాలి ఊదే కయాక్. దీనికి బాధ్యత ప్రభుత్వానిది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపు మా జిల్లాలో కలిసింది. పులికాట్ సరస్సు, దాని వెనకే బంగాళాఖాతం మావైపోయాయి. రాత్రి సీమవాళ్ళుగా పడుకున్నాం, తెల్లారి లేచేసరికి సముద్రతీరవాసులం. ఉత్తర్వులో సముద్రం వచ్చిన మనిషి ఒక పడవైనా కొనకపోతే ఏం మర్యాద?

పడవ ఒక సంచీలో వచ్చింది. మిద్దె మీద విప్పితే రెండు పక్కలా రెండు గొట్టాలు, అడుగున ఒక పరుపు. మూడూ వేర్వేరు గదులు. ఒకటి చిల్లి పడినా మిగతావి ఒడ్డుకు చేర్చాలని అట్లా కుట్టారు. ఏది ముందు ఊదాలో పుస్తకంలో ఉంటుంది, ఆ వరుస తప్పకూడదు. ముడతలు సరిచేసి, మూతలు చూసుకుని, అన్నీ సగం సగం నింపి, తర్వాత గట్టి చేసుకోవాలి. ఈ వివరం నేను చదువుతుండగానే మా బావమరిది పంపును నాలుగు తొక్కులు తొక్కి, "ఇది సంక్రాంతికి గానీ నిండదు బావా" అని పడవను చుట్టి కారులో వేశాడు.

పంక్చరు షాపు అతను కంప్రెసర్ ఆన్ చేసి, గొట్టం చేతపట్టుకుని అడిగాడు.

"ఎన్ని పాయింట్లు పెట్టమంటావు నా?"

"ఒకటి."

"ముప్పై ఒకటా?"

"ఉత్త ఒకటి."

అతను గొట్టం కింద పెట్టేశాడు. "ఒక్క పాయింటుకు ఈడిదాకా వచ్చినారా? నోటితో ఊదుకోపోండి."

మహానుభావుడు, పడవను కాపాడాడు. కారు టైరుకు ముప్పై చిల్లర పాయింట్లు, అంటే పీఎస్ఐలు, పట్టాలి గానీ ఇట్లాంటి మామూలు పీవీసీ పడవకు దాదాపు ఒకటి చాలు. కంప్రెసర్ ఆ ఒకటిని రెప్పపాటులో దాటి అతుకులు విప్పేస్తుంది. రెండు పొరల మధ్య వేల దారాలు కుట్టిన ఖరీదైన రకాలు ఎనిమిది, పది పీఎస్ఐ దాకా ఓర్చుకుంటాయి. ఏ గదికి ఎంతో దానిమీదే అచ్చువేసి ఉంటుంది. కాలి పంపు నిదానంగా నింపుతుందని విసుక్కుంటాం గానీ, నిలపవలసినచోట నిలపనిచ్చేది ఆ నిదానమే.

గాలి తర్వాతి శత్రువు ఎండ. రేణిగుంట ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? పొద్దున 30 డిగ్రీల్లో ఒక పీఎస్ఐ పట్టిన గొట్టంలో గాలి మధ్యాహ్నానికి 50 డిగ్రీలకు చేరిందనుకోండి. గొట్టం సాగకపోతే లెక్క రెండుకు పోతుంది. బయటి వాతావరణం 14.7 మోపుతోంది గనక లోపల నిజంగా ఉన్నది 15.7, వేడి పెంచేది ఆ మొత్తాన్ని. అందుకే ఊదిన పడవను గట్టున ఎండలో పెట్టి టిఫినుకు పోకూడదు. నీళ్ళలో దించాక అదే పడవ చల్లబడి మెత్తబడుతుంది, అప్పుడు మళ్ళీ కాస్త ఊదుకోవాలి.

ఇంటికొచ్చి మళ్ళీ కాలి పంపు తొక్కుతుంటే, మిద్దె మీద కూర్చుని చూస్తున్న మామ, "గాలిని నమ్మి నీళ్ళలోకి పోయినోడెవడన్నా ఉండాడా?" అన్నాడు. ఉన్నాడు. 1840లలో పీటర్ హాల్కెట్ అనే ఇంగ్లీషు నౌకాదళం లెఫ్టినెంటు రబ్బరు గుడ్డతో ఒక కోటు కుట్టించాడు. విప్పి గాలి ఊదితే అదే పడవ. చేతికర్ర తెడ్డు, గొడుగు తెరచాప. మామ అంతా విని, తన పంచెను ఒకసారి చూసుకుని, ముడి గట్టిగా బిగించుకున్నాడు.

పులికాట్ మా జిల్లాదే అయినా తొలి ప్రయాణానికి అంత పెద్ద నీళ్ళు వద్దనుకున్నాం. లోతు తక్కువే గానీ గాలికి అడ్డం లేదు, పైగా పక్షుల రాజ్యం. వానలు పడి మా ఊరి చెరువు నిండాక, అడగవలసినవాళ్ళను అడిగి అక్కడికి పోయాం. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి తాత ఒకటే షరతు పెట్టాడు: "తూము పక్కకు పోవద్దు, మరవ పక్కకు అసలే పోవద్దు." పడవల పుస్తకాలన్నీ పేజీలకొద్దీ చెప్పేది ఇదే. తూము దగ్గర నీళ్ళు కిందికి లాగుతాయి, మరవ దగ్గర బయటికి లాగుతాయి. రెండుచోట్లా పైకి చూస్తే నీళ్ళు నెమ్మదిగానే కనబడతాయి.

మా చెరువులకు మరో ప్రత్యేకత సర్కారు కంప. ఎండిన ఏళ్ళలో చెరువు నడుమ దాకా పెరిగి, నిండిన ఏడు నీళ్ళ కింద ముళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి గట్టున టార్పాలిన్ పరిచి దానిమీదే పడవ విప్పాలి, ఈడ్చకుండా ఎత్తుకుపోవాలి. చిల్లి ఎక్కడుందో సబ్బునురుగు రాస్తే బుడగలే చెబుతాయి. సైకిల్ ట్యూబు సొల్యూషన్ మాత్రం పీవీసీకి అంటినట్టే అంటి, చెరువు మధ్యలో ఊడుతుంది. పడవతో ఇచ్చిన అతుకే వాడాలి.

అడుగున వెనకవైపు తగిలించే చిన్న రెక్కను మా బావమరిది "షోకుకు పెట్టింటారు" అని ఇంట్లోనే వదిలేశాడు. అది లేకపోతే పడవ తిన్నగా ముందుకు పోదు, తెడ్డు వేసినకొద్దీ గుండ్రంగా తిరుగుతుంది. గట్టుమీది జనం అది ప్రదక్షిణమనుకుని చేతులు జోడించారు. తిరుపతి పడవ గదా.

లైఫ్ జాకెట్ దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చ. "చెరువుకు జాకెట్ ఏందిరా, పెండ్లికి పోతాండామా?" అని మామ. నాకు తెప్పోత్సవం గుర్తొచ్చింది. తిరుమల పుష్కరిణి నడుమ నీరాళి మండపాన్ని 1468లో సాళువ నరసింహరాయలు కట్టించాడంటారు. ఏటా ఫాల్గుణంలో స్వామి అయిదు రోజులు తెప్ప మీద దాని చుట్టూ తిరుగుతాడు. ఆ తెప్పకూ గజ ఈతగాళ్ళను సిద్ధంగా నిలబెడతారు. పాలకడలి మీద పవళించేవాడికే అంత జాగ్రత్త అయితే, బోరు నీళ్ళలో పెరిగిన మనకెంత ఉండాలి? మామ మారుమాట్లాడకుండా బకిల్ పెట్టించుకున్నాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సీమలో నీళ్ళంటే మాకు భక్తి. నిండిన చెరువుకు పసుపు కుంకుమ వేస్తాం, కొబ్బరికాయ కొడతాం. నీళ్ళతో పరిచయం మాత్రం లేదు. ఈత నేర్చుకుందామంటే చెరువు నిండదు, నిండిన ఏడు నేర్చుకునే ఓపిక ఉండదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై, రాయలచెరువు కట్టకు లీకేజీ అని ఊళ్ళు ఖాళీ చేయించిన రోజులు చూసినవాళ్ళం. అయినా వాయుగుండమన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ చేసి, "ఆ గాలి బోటు ఉండాదా? రోడ్డుమీద ఒక రౌండు వేద్దాం" అంటారు. వరదలో కరెంటు తీగలుంటాయి, మూతలేని మ్యాన్‌హోళ్ళుంటాయి, నీళ్ళ వేగం మన తెడ్డు మాట వినదు. అందుకే ఆ రోజుల్లో పడవ బీరువా వెనకే ఉంటుంది, నేను ఫోన్ ఎత్తను.

పరిచయం కావలసినవాళ్ళు ఎదలోతు నీళ్ళలో ఒకసారి కావాలనే బోల్తా కొట్టి చూసుకోవాలి. పడవను తిప్పి సరిచేసి, రెండు అంచులూ పట్టుకుని, కాళ్ళు ఆడించి ఒళ్ళు పైకి తేల్చి, పొట్టమీద లోపలికి జారాలి. తర్వాతే తిరిగి కూర్చోవడం. మా బావమరిది ఈ పని చేస్తుంటే గట్టుమీద ఈలలు వేసినవాళ్ళే, తర్వాత "నాకూ నేర్పు" అని వరుస కట్టారు.

కొనదలచినవాళ్ళకు నేను చెప్పేది రెండు మాటలు. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, అలిసిపోయి వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. డబ్బు చాలకపోతే చిన్న పడవ కొనండి, జాకెట్ దగ్గర మాత్రం బేరం వద్దు. ఒంటిమీద జాకెట్ ఉంటే పడవ పోయినా మనిషి తేలతాడు. లేదంటే, గాలి పడవ తేలిక గనక, ఎవరూ తోయకుండానే అదొక్కటే గట్టుకు చేరుతుంది.