కొబ్బరి రైతుకు కొన్ని తలకిందుల సలహాలు

చెట్టుకు జబ్బు చేస్తే అందరం తలెత్తి చూస్తాం. తల దించి మొదలు చూడండి. గానోడెర్మా శిలీంధ్రం ఉండేది నేలలో. అది వేళ్ళను కుళ్ళబెట్టుకుంటూ పైకి వస్తుంది. చెట్టు మొదలు దగ్గర ఎర్రటి గోధుమరంగు బంక కారడం కనిపించిన రోజే మేలుకోవాలి. మట్టలు మానుకు అతుక్కుని వేలాడేదాకా ఆగితే ఆలస్యమే. మొదలు దగ్గర పుట్టగొడుగు మొలిచిందా, ఆ చెట్టు మీద ఆశ వదులుకోండి.

మట్టలు వాలాయని నీళ్ళు ఎక్కువ పెట్టకండి. ఒక పాదులోంచి ఇంకో పాదులోకి పారే నీరే తెగులును మోసుకెళ్తుంది. ఏ పాదు నీరు ఆ పాదుకే ఉండాలి. తోట అద్దంలా ఉండాలని పదేపదే దున్నకండి, వేళ్ళు తెగిన చోటే శిలీంధ్రానికి దారి. అరటి బలం లాగేస్తుందని పీకేయకండి, నీటి వసతి ఉంటే కొబ్బరి మధ్య అరటి ఉండటమే ఈ తెగులుకు మంచిది.

ఇక కష్టమైన మాట. చచ్చిన చెట్టును మాను వరకు కొట్టి మొద్దు వదిలేయకండి. తాత వేసిన చెట్టు గుర్తు కదా అని మా దొడ్లో ఒక మొద్దును ఉంచాను. దాని పక్కవి రెండు పోయాక గాని బుద్ధి రాలేదు. వేళ్ళతో సహా తవ్వి కాల్చేయాలి. జబ్బు చెట్టు చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీయాలి. వేళ్ళు తెగుతాయని జాలి పడొద్దు, ఆ వేళ్ళే పక్క చెట్టుకు వంతెన.

మొవ్వు కుళ్ళు సంగతి వేరు. అది వానల్లో పై నుంచి వస్తుంది. మొవ్వాకు లాగితే ఊడి వచ్చి కంపు కొడుతుంది. చెట్టు ఎక్కించి, కుళ్ళిందంతా మంచి కండ కనపడేదాకా కోయించి, బోర్డో పేస్టు పూసి, వాన పడకుండా కప్పండి. చుట్టూ ఉన్న మంచి చెట్ల మొవ్వుల్లో కూడా ఒక శాతం బోర్డో మిశ్రమం పోయండి.

రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ ఉప్పునీటికి తలలు వాల్చిన తోటలకు మాత్రం మందు కొనకండి. అక్కడ బాగుపడాల్సింది కాలువ.

గానోడెర్మాకైతే ఏటా పాదుకు 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి వేయండి. దానితోపాటే బోర్డో పోస్తే ఆ మేలు చేసే శిలీంధ్రం చచ్చిపోతుంది. వేరు ద్వారా హెక్సాకొనజోల్ ఎక్కిస్తే 45 రోజులు దింపు ఆపండి. కాయ ధర ఎంత పలికినా సరే, బొండం కూడా కోయకండి.