టెస్టర్ బాబాయి

పాడైనదాన్ని బాగుచేసేవాడు మెకానిక్కు. బాగున్నదాన్ని విప్పేవాడు చుట్టం. బయటివాడైతే విప్పనివ్వం కదా, అందుకని ఈ రెండో రకం మనుషులు ఎప్పుడూ మన చుట్టాల్లోనే తేలతారు. డెల్టా ఊళ్లలో వీధికొకరు చొప్పున ఉన్నారు. దుగ్గిరాలలో మా వంతుకి వచ్చినాయన టెస్టర్ బాబాయి.

అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన టెస్టర్ పెట్టుకుంటాడు. బ్యాంకులో సంతకం పెట్టమంటే అలవాటుగా దాన్నే తీసి కౌంటరులోకి చాపుతాడు. గుమస్తా ఓ అడుగు వెనక్కి వేశాక, జేబులో వేసుకుని పక్కవాణ్ణి పెన్ను అడుగుతాడు. పసుపు కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసే పని చేసి రిటైరయ్యాడు. రిటైరైన కొత్తలో అమ్మోనియా వాసన లేక అన్నం సహించలేదని పిన్ని అంటుంది. ఆయన మాత్రం కంపెనీవాడు బిగించింది విప్పితేనే అన్నం సహిస్తుందంటాడు. ఏ కంపెనీ అనేది ఆయనకి అనవసరం. మిక్సీ చేసినా, రైలింజను చేసినా వాడు కంపెనీవాడే. వాడికి బుర్ర లేదు, లేదా ఉండీ మనదగ్గర దాచాడు.

ఈ జబ్బు ఆయనతో మొదలవలేదు. తాతయ్య ఆయిలింజన్ విప్పేవాడు. కాలవ గట్టున ఇంజను మొరాయిస్తే తెనాలి నుంచి మేస్త్రీ వచ్చేదాకా నారు ఆగదు కాబట్టి అప్పట్లో విప్పడం వ్యవసాయంలో భాగం. పెదనాన్న మర్ఫీ రేడియో విప్పాడు, విజయవాడ స్టేషను గరగరమంటోందని. 1948లో మొదలైన ఆ స్టేషను పాపం శుభ్రంగానే పలికేది, గరగర విప్పిన తర్వాత వచ్చింది. బాబాయి చేతిలో చేతక్ స్కూటరు పడింది. విప్పిన చేతక్ మళ్లీ స్కూటరే అయింది గానీ ఎడమవైపు ఒరిగి నడిచేది. ఆ వంగుడు తనే కావాలని పెట్టానని, మన రోడ్ల వాటం కంపెనీవాడికేం తెలుసని అనేవాడు.

అట్లాంటి ఇంటికి, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు కొత్తది కొనుక్కుని తన పాత ల్యాప్‌టాప్ వదిలి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "నాన్నా, దీన్ని విప్పొద్దు" అని ఒక మాట అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దానికి మూడు యూఎస్‌బీ పోర్టులు. అందులో ఎడమవైపుది వదులు. మౌసుకొకటి, ప్రింటరుకొకటి పోతే పెన్‌డ్రైవుకి మిగిలింది ఆ వదులుదే. దాన్లో పెట్టిన పెన్‌డ్రైవు వసారాలో ఎవరు తుమ్మినా ఊడొచ్చేది. ఇంకో రెండు పోర్టులుంటే బాగుండునని బాబాయి అన్న మాట నిజం. నాలుగు పోర్టుల హబ్బు రెండు మూడొందలకి బజార్లో దొరుకుతుందని నేనన్న మాటా నిజం. ఆయన నావంక జాలిగా చూశాడు.

"బయట వేలాడదీసుకోడానికి అదేవన్నా దిష్టి నిమ్మకాయంట్రా? లోపల పెట్టాలి."

ఎందుకు లోపల పెట్టాలో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది, ఆ సంగతి తర్వాత. ముందు హబ్బు కొన్నాడు. ఇంటికి తెచ్చాక దాని ప్లాస్టిక్ డిప్పని పీట మీద కూరల కత్తితో ఒలిచాడు. లోపల బొటనవేలంత బోర్డు, దానిమీద ఒక చిప్పు, పక్కన 12 మెగాహెర్ట్జ్ అని రాసిన వెండిరంగు క్రిస్టలు. "ఇంతేనా? ఇంత చిన్నదానికి అంత డిప్పా?" అని కంపెనీవాణ్ణి తిట్టాడు. తరువాత ల్యాప్‌టాప్ తిరగేసి డీవీడీ డ్రైవు లాగేశాడు. సినిమాలన్నీ ఫోన్లోకి పోయాక ఆ డ్రైవుని ముట్టుకున్నవాళ్లు లేరు. అది పోయిన గూడు సరిగ్గా అరంగుళం మందం, 12.7 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ చూసిన క్షణంలో ఆయన మొహంలో కనిపించిన సంతోషం, ఖాళీ స్థలం చూసిన రియల్ ఎస్టేటువాడి మొహంలో కూడా నేను చూళ్లేదు.

యూఎస్‌బీ తీగలో లోపల నాలుగు పోగులుంటాయి. ఎరుపు అయిదు వోల్టుల కరెంటు, నలుపు ఎర్తు, తెలుపూ పచ్చా సమాచారం మోసేవి. వదులుగా ఉన్న ఎడమ పోర్టుని పీకేసి, దాని కాళ్ల దగ్గర్నుంచి ఈ నాలుగు పోగులూ లాగి హబ్బుకి అతికించాలన్నది పథకం. ఒక పోర్టు పోయి నాలుగొస్తాయి. లెక్క బాగుంది. కాకపోతే తొలిసారి ఆయన వాడిన తీగ పెళ్లి పందిట్లో దీపాల సీరియల్ సెట్టుది. తెలుపూ పచ్చా రెండూ మెలేసుకుని పక్కపక్కనే నడవాలి, లేకపోతే సెకనుకి 480 మెగాబిట్ల వేగంలో వచ్చేది దారిలోనే చెదిరిపోతుంది. దీపాలు వెలగడానికి మెలికలతో పనిలేదు కదా, ఆ తీగలు దేని దారిన అవి పోయాయి. తెర మీద 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అని వచ్చింది.

"నన్ను గుర్తుపట్టలేదంటంది" అన్నాడు బాబాయి, తన మీద అన్నట్టుగా.

తర్వాత పాత మౌసు తోక కోశాడు. మౌసుకి వేగంతో పనేముంది, దాని తీగలోనూ మెలికలుండవు. ఆ తర్వాత ప్రింటరు తీగ కోశాడు. అది మంచి తీగ, కోయకుండా ఉంటే కొత్త తీగ కొనేదాకా ప్రింటరు మూలన పడేది కాదు. ఈసారి తెలుపు ఉండాల్సిన చోట పచ్చ, పచ్చ చోట తెలుపు అతికింది. కంప్యూటరు మళ్లీ గుర్తుపట్టలేదు. తెలుపూ పచ్చా తారుమారైతే గుర్తుపట్టకపోవడంతో సరిపోతుంది. ఎరుపూ నలుపూ తారుమారైతే వాసనొస్తుంది. ఆ వాసన కూడా ఒకసారి వచ్చింది. మొదటి హబ్బు దానితో పోయింది. రెండోదానికి విజయవాడ వెళ్లాడు, దొరికిందాంతో తృప్తిపడలేదు, కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సరుకు వేరని హైదరాబాదు రైలెక్కాడు. కొడుకు ఇంట్లో రెండు రోజులుండి, ల్యాప్‌టాప్ ఎలా ఉందని అడిగితే "భేషుగ్గా ఉంది, దుమ్ము పట్టకుండా గుడ్డ కప్పాం" అని చెప్పొచ్చాడు. గుడ్డ కప్పిన మాట నిజమే, కింద మూత లేదు కనక.

చివరికి పట్టింది. నాలుగు పోర్టుల్లో రెండు డీవీడీ సందులోంచి బయటికి చూస్తున్నాయి, రెండు లోపలే ఉన్నాయి. లోపలి రెంటిలో ఒకదానికి వైర్‌లెస్ మౌసు తాలూకు బుడిపె తగిలించాడు. తెలివైన పని, ఒప్పుకుంటాను. రెండోదానికి పెన్‌డ్రైవు తగిలించి మూత బిగించాడు. పెన్‌డ్రైవు అనేది తీసి జేబులో వేసుకుపోడానికి కనిపెట్టిన వస్తువు. మా ఇంటి పెళ్లి ఫోటోలన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు ఎవరికన్నా ఫోటోలు కావాలంటే పదకొండు మరలు విప్పాలి.

కరెంటు గొడవ ఆ వారంలోనే వచ్చింది. బయటి హార్డ్ డిస్కు తగిలిస్తే క్లిక్, క్లిక్ మని మూలిగి ఆగిపోతోంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. అందులో వంద హబ్బు తన ఖర్చుకి ఉంచుకుని తలా ఒక వంద పంచుతుంది. హార్డ్ డిస్కుకి వంద ఏం సరిపోతుంది? బాబాయి కాగితం మీద బొమ్మ గీసి ఇదంతా నాకు చెబుతుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న పిన్ని తలెత్తింది.

"ఇందులో అర్థం కాకపోడానికేవుందండీ? మన లాకులే కదా. సీతానగరం నుంచి వచ్చిన కాలవ ఇక్కడికొచ్చి కొమ్మమూరు కాలవని, నిజాంపట్నం కాలవని చీలుద్ది. లాకులు కట్టినంత మాత్రాన నీళ్లు పుడతాయా? పైనోళ్లు తోడేసుకుంటే రేపల్లె అవతల మా పుట్టింటోళ్లకి మిగిలేది బురద. మీ హార్డ్ డిస్కు చివరి భూమండీ."

అంతకంటే బాగా ఏ ఇంజినీరింగు కాలేజీలోనూ చెప్పరు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఇన్నేళ్లలో చివరి ఆయకట్టు రైతు ఎన్ని ధర్నాలు చేశాడో లెక్కలేదు, బాబాయి ఇంట్లో మాత్రం ఆ సమస్యకి పరిష్కారం సాయంత్రానికల్లా దొరికింది. పాత ఫోన్ ఛార్జరు తెచ్చి, దాని తీగని ల్యాప్‌టాప్ పక్కనున్న గాలి సందులోంచి లోపలికి పంపి, హబ్బుకి విడిగా అయిదు వోల్టులిచ్చాడు. బయట ఏమీ వేలాడకూడదని లోపల పెట్టిన హబ్బుకి ఇప్పుడు బయట గజం పొడుగు తోక వేలాడుతోంది. నేను ఆ తోకవంక చూసి ఊరుకున్నాను. ఆయన కూడా ఊరుకున్నాడు.

రాత్రి ల్యాప్‌టాప్ ఆపేసి పడుకున్నారు. నడిజామున పిన్ని లేచి చూస్తే అందులో దీపం వెలుగుతోంది. ఆపినా ఆరని దీపం చూసి ఆంజనేయ దండకం అందుకుంది. ఛార్జరు ఇచ్చే కరెంటు హబ్బులోంచి ఎర్ర తీగ పట్టుకుని ల్యాప్‌టాప్‌లోకి ఎదురెక్కుతోందని, రెండు వైపుల కరెంటు ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ వైపు ఎరుపు తెంచెయ్యాలని బాబాయి తెల్లారాక కనిపెట్టి తెంచాడు. అప్పటిదాకా మాత్రం దాన్ని "స్టాండ్‌బై" అన్నాడు.

ఎందుకు లోపల అన్నదానికి వస్తాను. పోర్టులు ఆయనకి అక్కర్లేదు, అవి వంక. ఊళ్లో అందరి ల్యాప్‌టాపుల్లోనూ కంపెనీవాడు పెట్టిందే ఉంటుంది, తన దాంట్లో కంపెనీవాడికి తెలియనిది ఒకటి ఉండాలి. బయట ఉంటే అది సామాను, లోపల ఉంటే అది రహస్యం. చిక్కల్లా ఏమిటంటే రహస్యాన్ని పదిమందికి చూపించకపోతే ఆయనకి నిద్ర పట్టదు. చూపించాలంటే మూత తియ్యాలి. పాలవాడికి చూపించాడు. యార్డులో పసుపు అమ్ముకుని ఇటుగా పోతున్న ఈమని రైతుని ఎండలో ఆపి, లోపలికి పిలిచి చూపించాడు. ఆ రైతు మర్యాదస్థుడు. నాలుగు తీగలూ చూసి, "ఇందులో కొమ్మెంతండీ, కాయెంత?" అన్నాడు, పసుపు బేరంలో అడిగినట్టు. బాబాయికి ఆ మాట నచ్చింది. అప్పట్నించి విప్పిన మరల్లో పొడుగువాటిని కొమ్మని, పొట్టివాటిని కాయని వేర్వేరు డబ్బాల్లో వేస్తున్నాడు. వచ్చేవాళ్ల రద్దీకి మూత బిగించడం మానేసి, నల్ల టేపు వేశాడు. వైశాఖం ఎండలకి ఆ టేపు జిగురు కారి కీబోర్డులోకి దిగింది. ఇప్పుడు 'క' నొక్కితే అరడజను 'క'లు పడుతున్నాయి.

పెద్దవాళ్ల మీద ఆయనకి గౌరవం లేకపోలేదు. మన దేశంలో పుట్టి ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్, ఆయన బృందం మలిచిన యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చిందని నేను చెబితే పొంగిపోయాడు. ఒక దారం మీద 127 పరికరాలు తగిలించవచ్చని కూడా చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. ఆ అంకె విన్నప్పట్నించి డీవీడీ గూడువంక అదోలా చూస్తున్నాడు. తిప్పి పెట్టినా పట్టేలా చేస్తే తీగలు, ఖర్చు పెరుగుతాయని మొదట్లో ఒకవైపే పెట్టారని భట్ తరువాత చెప్పుకున్నాడు. బాబాయి అది విని, "చూశావా, ఎంత మనవాడైనా కంపెనీలో చేరితే కంపెనీవాడే" అన్నాడు. తెనాలిలో పాత నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పుల గురించీ అంతే. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం ఫోటో చూపిస్తే చాలాసేపు చూసి, "బిగించడం బాగానే బిగించారు" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. పక్క ఊరు తుమ్మపూడిలో కూర్చుని రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ ప్రపంచమంతటితో ఉత్తరాలు నడిపాడని మాత్రం గర్వంగా చెప్పుకుంటాడు. తన పోర్టులు కూడా ఆ బాపతేనట.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోకపోతే అన్యాయం. ఆ హబ్బు ఇవాళ్టికీ పనిచేస్తోంది. పక్కింటి కుర్రాడి పరీక్ష దరఖాస్తుకి ఫోటో, సంతకం, ప్రింటు అన్నీ ఒకేసారి కావలసి వచ్చిన రాత్రి, దాని తోకతో, టేపుతో, ఎదురెక్కని కరెంటుతో అది నాలుగు పోర్టులూ నడిపింది. బాబాయి ఆ కుర్రాడి దగ్గర డబ్బులు తీసుకోలేదు. కాకపోతే హబ్బు పుట్టుపూర్వోత్తరాలన్నీ వినిపించి, దరఖాస్తు గడువు ముగియడానికి కాసేపు ముందు వదిలిపెట్టాడు.

మొన్న సంక్రాంతికి కొడుకూ కోడలూ వచ్చారు. కోడలు చేతిలో ఆఫీసువాళ్లిచ్చిన కొత్త ల్యాప్‌టాప్, అప్పడమంత పల్చన. దానికున్నవి రెండే రెండు టైప్-సి కన్నాలు. బాబాయి "పాపం, రెండేనా?" అన్నప్పుడే కొడుకు గబుక్కున పీట మీద నుంచి లేచాడు. ఆయన దాన్ని సుతారంగా తీసుకుని, తిరగేసి, అంచుల వెంబడి వేలు నడిపి, కళ్లజోడు పైకెత్తి చూశాడు. ఎక్కడా మర లేదు. మూత జిగురుతో అతికించారు. అంత మౌనంగా ఆయన ఉండటం నేను ముందెన్నడూ చూళ్లేదు. మేం నిజంగా బాధపడ్డాం. కొడుకు మళ్లీ పీట మీద కూర్చుని రెండో అరిసె కూడా తీసుకున్నాడు. అప్పుడు బాబాయి ల్యాప్‌టాప్‌ని ఒళ్లోనే ఉంచుకుని కోడలివైపు తిరిగాడు.

"అమ్మాయ్, తల ఆరబెట్టుకునే మిషనేదో తెచ్చుకున్నావంటగా. ఎంత వేడి వస్తదమ్మా అది?"