సర్కారువారి పాట

చెరువులో చేపలకైనా, సంతలో తైబజారుకైనా వేలం పెడితే మొదట వినిపించేది సర్కారువారి పాట. అంటే ఇంతకు తగ్గితే ఇవ్వం అని సర్కారు పలికే ధర. ఆ తర్వాతే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో వేలమంతా ఆన్‌లైన్‌లోనే కాబట్టి పాడే గొంతు లేదు, కొట్టే సుత్తి లేదు. సర్కారువారి పాట కూడా పేరు మార్చుకుని అప్‌సెట్ ప్రైస్ అయింది. అప్‌సెట్ అయ్యేదెవరో టెండరు కాగితాల్లో రాయరు.

కోకాపేటనే తీసుకోండి. 2006లో నగరాభివృద్ధి సంస్థ హుడా వేలం వేస్తే ఎకరం 14 కోట్ల దాకా పలికి, ఊరంతా ముక్కున వేలేసుకుంది. పాడుకున్నవాళ్లలో కొందరు ఆ భూమి మీద యాజమాన్య వివాదం ఉందని, మా డబ్బు మాకివ్వమని కోర్టుకెక్కడం వేరే కథ. 2021లో అదే కోకాపేటలో ఎకరం 60 కోట్లు దాటింది. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్ రెండో విడతకు సర్కారువారి పాట 35 కోట్లయితే, ఒక ప్లాటు ఏకంగా ఎకరం 100.75 కోట్లకు వెళ్లింది. 45 ఎకరాల చిల్లరకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. అబ్బో అనుకుని నోరు మూసేలోపు 2025 అక్టోబరు వచ్చింది. రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు! అక్కడ అప్‌సెట్ ప్రైసే 101 కోట్లు. రెండేళ్ల కిందటి రికార్డు ఈసారి మొదటి పాటకు కూడా చాలలేదు.

వేలంపాటలో మనవాళ్లకున్న సరదా కొత్తది కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు. అయితే లడ్డూతో ఒక సుఖం ఉంది. వచ్చే వినాయక చవితికి శనగపిండి, నెయ్యి, చక్కెర తెచ్చి మళ్లీ చుట్టొచ్చు. పైగా ఆ డబ్బు ఊరికే ఖర్చు పెడతారు, ఎక్కడ పెట్టారో ఊరికి తెలుస్తుంది. భూమి అమ్మిన డబ్బు ఖజానాలో పడిందంటే దానికి ఊరూ పేరూ ఉండవు. జీతాల్లో కలిసిందో, పాత అప్పుల వడ్డీకి పోయిందో చెప్పడం బ్రహ్మతరం కాదు. పొలం అమ్ముకుని ఇల్లు గడుపుకునే రైతును ఊళ్లో చితికిపోయాడంటారు. సర్కారు అదే పని చేస్తే మానిటైజేషన్ అంటారు.

ఇందులో పార్టీ భేదం వెతకడం దండగ. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ భూములు తెగనమ్ముతున్నారని గొంతు చించుకున్నవారు సొంత రాష్ట్రం రాగానే కోకాపేట అమ్మారు. ఆ అమ్మకంలో కుంభకోణం ఉందని 2021లో ఆరోపించిన ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రయ్యాక రాయదుర్గం అమ్మారు. నిన్న అమ్మినవారు నేటి అమ్మకాలను ఖండిస్తున్నారు. కుర్చీలు మారతాయి, ప్రసంగాలు మారతాయి. సర్వే నంబర్లు మాత్రం మారవు.

అసలు ఒక భూమి సర్కారుకు అక్కర్లేనిదని తేలేదెలా? తహసీల్దారు పాతించిన బోర్డేమో "ఇది ప్రభుత్వ భూమి, ఆక్రమించినవారు శిక్షార్హులు" అంటుంది. ఆ బోర్డుకు భయపడని వారికి 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలు ఇచ్చింది. 125 గజాల లోపు ఇల్లు కట్టుకున్న పేదలకు ఉచితం, అది న్యాయమే. అంతకు మించినవారికి రుసుము కడితే పట్టా. బోర్డు చదివి పక్కకు తప్పుకున్న అమాయకుడికి మాత్రం ఏ జీవో లేదు.

అక్కర్లేని భూమి కథల్లో మకుటం కంచ గచ్చిబౌలి. కంచ అంటే పశువులు మేసే బీడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు 2003లో క్రీడల పేరిట ఒక సంస్థకు వెళ్లాయి, 2006లో వెనక్కొచ్చాయి, 2024 దాకా కోర్టుల్లో నలిగాయి. ఎట్టకేలకు సర్కారే గెలిచింది. గెలిచిన ఆస్తిని దాచుకోలేదు. భూమి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి వెళ్లింది, ఆ సంస్థ దాన్ని చూపించి బాండ్ల మీద 10,000 కోట్ల అప్పు తెచ్చింది. 2025 మార్చి 30న, ఉగాది నాడు, జనం పచ్చడి తింటుంటే అక్కడ జేసీబీలు చెట్లు తినడం మొదలెట్టాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్లారు. అక్కడ జింకలూ పులులూ లేవు, గుంటనక్కలే అభివృద్ధికి అడ్డుపడుతున్నాయని ముఖ్యమంత్రి అసెంబ్లీలో అన్నారు. అసెంబ్లీ సమాచారం అందని జింకలు కెమెరాలకు కనిపించాయి, నెమళ్లు వినిపించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులాపించి, సెలవుల్లో అంత తొందరేమిటని నిలదీసింది. అడవిని తిరిగి పెంచకపోతే అక్కడి చెరువు పక్కనే తాత్కాలిక జైలు కట్టి ప్రధాన కార్యదర్శిని అందులో పెట్టాల్సి వస్తుందని కూడా హెచ్చరించింది. ఇన్ని గొడవల తర్వాత ఆ స్థలంలో ఒక ప్రభుత్వ భవనం ఊసెత్తింది కోర్టొక్కటే.

వెంకన్న ఆస్తులకు ఇంత కష్టం రాలేదు. 2020లో టీటీడీ 50 ఆస్తులు అమ్మబోతే భక్తులు గగ్గోలు పెట్టారు, వారం తిరక్కుండానే బోర్డు వెనక్కి తగ్గింది. దేవుడి భూమికి భక్తులున్నారు. పోరంబోకుకు ఎవరున్నారు?

కొన్నిసార్లు సర్కారు దగ్గర మిగిలిపోయేది భూమి కాదు, భవనం. విశాఖ రుషికొండ మీద ఆదాయమిచ్చే హరిత రిసార్టును కూలగొట్టి, 400 కోట్లకు పైగా పోసి, సముద్రం కనిపించేలా భవనాలు కట్టారు. కట్టించినవారు పర్యాటకానికన్నారు, గిట్టనివారు ప్యాలెస్ అన్నారు. 2024 ఎన్నికల్లో అధికారం మారింది. తాళాలు తీసి స్నానపు తొట్లు చూపించడం అయిపోయాక, ఈ భవనాన్ని ఏం చేయాలో తేల్చమని మంత్రుల బృందాన్ని వేశారు. ఏం చేయాలో తెలియని ఇంటికి కమిటీ వేయడం వాస్తులో లేకపోయినా సెక్రటేరియట్‌లో ఉంది.

ఆ రుషికొండలోనే ఐటీ హిల్ మీద 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు కేటాయించారు. వేలం లేదు, అప్‌సెట్ ప్రైస్ లేదు. 12,000 ఉద్యోగాలు వస్తాయన్న మాట మీద ధర 99 పైసలు. రాయదుర్గం లెక్కలు చూసి వచ్చినవారికి ఇది అచ్చుతప్పులా కనిపించవచ్చు, కానీ కాదు. ఉద్యోగాలొస్తే బేరం మంచిదేనేమో. ఖజానా గుమస్తా పరిస్థితి మాత్రం ఇబ్బందే. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011లోనే రద్దయ్యాయి. కంపెనీవారు రూపాయి బిళ్ల ఇస్తే, తిరిగివ్వాల్సిన పైసా కోసం ఆయన ఏ మ్యూజియం మెట్లెక్కాలి?